సెలవు ఎన్నాళ్ళు?

గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చిన మనిషిని మన వీధుల్లో ఎవరూ ముందుగా ఆరోగ్యం అడగరు. సలాముకు జవాబు పూర్తి కాకముందే "సెలవు ఎన్నాళ్ళు?" అంటారు. అడిగేవారి మనసులో కల్మషం ఏమీ ఉండదు. వచ్చినవాడు తిరిగి వెళ్ళక తప్పదని అందరికీ తెలుసు. ఎప్పుడు వెళతాడో తెలిస్తే భోజనానికి ఏ రోజు పిలవాలో లెక్క వేసుకోవచ్చు. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఇల్లాలికి మాత్రం వేరే ప్రశ్న ఉంది. "ఇప్పుడు ఖాళీయేనా అమ్మా?" అంటారు. చంకలో పిల్ల, పొయ్యిమీద కుక్కరు, గుమ్మంలో పాలవాడు ఉన్న సమయం చూసుకునే ఈ ప్రశ్న వస్తుంది.

ఈ రెండు ప్రశ్నలకూ వంతులవారీగా జవాబు చెప్పుకుంటూ వచ్చిన దంపతులం మేము. ఉండేది పాత గుంటూరులో. ఈ వ్యాసం ఇద్దరం కలిసి రాస్తున్నాం. చేతిరాత ఒకరిది, కొట్టివేతలు మరొకరివి. ఎవరివి ఏవో పెళ్ళయిన పాఠకులు ఇట్టే గ్రహిస్తారు. పేర్లు రాస్తే చుట్టాలు కోర్టు పెడతారు కనుక "మాలో ఆయన", "మాలో ఆవిడ" అని రాసుకుంటూ పోతాం. ఆయనకు 39 ఏళ్ళు. ఆవిడకు 37. నలభై ఇంకా రాలేదన్న ధైర్యంతోనే ఈ సంగతులు బయటపెడుతున్నాం.

ఏడాది అని ఎనిమిదేళ్ళు

మొదటి సెలవు ఆవిడది. బి.ఇడి. చదివి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరింది. 2011లో మన రాష్ట్రంలో మొట్టమొదటి టెట్ పరీక్ష పెట్టినప్పుడు రాసి పాసయింది. 2012లో పెళ్ళి. 2013లో ఫ్యామిలీ వీసా వచ్చింది. ఆయన అప్పటికే మూడేళ్ళుగా సౌదీలో దమ్మాంలో ఎకౌంట్లు రాస్తున్నారు. స్కూలుకు రాజీనామా ఇవ్వడానికి వెళితే హెడ్మాస్టరుగారు కాగితం చూసి, "ఒక ఏడాది ఉండి వచ్చేస్తావుగా, నీ క్లాసులు ఎవరికో ఒకరికి సర్దుతాను" అన్నారు. ఆవిడ కూడా అలాగే అనుకుంది. సుద్దముక్క మళ్ళీ చేతపట్టడానికి ఎనిమిదేళ్ళు పైగా పట్టింది. హెడ్మాస్టరుగారు అప్పటికే రిటైరయి మనవడికి ఎక్కాలు చెప్పుకుంటున్నారు.

దమ్మాం వెళ్ళిన కొత్తలో అంతా వింతే. ఆ ఏడాదే అక్కడ వారాంతపు సెలవులను గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మార్చారు. ఆదివారం పొద్దున్నే అందరూ పనికి పరుగెత్తుతుంటే మన గుంటూరు మనిషికి ఏదో అపరాధం జరుగుతున్నట్టు అనిపించేది. 2014లో బాబు, 2016లో పాప పుట్టారు. ఆవిడ ఉద్యోగం చేయలేదు గానీ చదువు చెప్పడం మానలేదు. రెండో అంతస్తులోని కేరళ కుటుంబం పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పేది. ఫీజుగా వాళ్ళ తల్లి బియ్యప్పిండి పత్తిరీలు పంపించేది. ఈ ఆదాయాన్ని మేము ఎక్కడా చూపలేదు. సాయంత్రానికల్లా తినేశాం.

2017 జులై నుంచి సౌదీలో కొత్త రుసుము వచ్చింది. అక్కడ ఉద్యోగం చేసే విదేశీయులు తమతో ఉంచుకున్న కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ళు కట్టాలి. మరుసటి ఏడాది 200, ఆ పైన 300, 2020కి 400. వృత్తిరీత్యా ఎకౌంటెంటు కదా, మాలో ఆయన కిరాణా బిల్లు వెనుకవైపు లెక్క వేశారు. భార్య, ఇద్దరు పిల్లలు కలిపి ముగ్గురు. మొదటి ఏడాదికి 3,600 రియాళ్ళు. రెండో ఏడాదికి 7,200. అంటే అప్పటి మారకంలో లక్షా ఇరవై వేలు దాటుతుంది. మూడో ఏడాది అంకె వేయబోతే ఆవిడ పెన్ను లాక్కుంది. "ఇంత డబ్బు పోసి మేము ఇక్కడ కూర్చోవడం కంటే ఊళ్ళో కూర్చుంటాం" అంది. ఆ రోజుల్లో మా భవనంలోనే ఎన్నో ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మంచాలు, వాషింగ్ మిషన్లు అడిగినంతకు అమ్ముకున్నారు. మేమూ అమ్ముకున్నాం. కేరళ కుటుంబం మాకంటే నెల ముందే వెళ్ళిపోయింది.

ఆవిడ పిల్లలతో 2018 జూన్ మొదట్లో గుంటూరు చేరింది. సరిగ్గా ఆ నెల 24న సౌదీలో ఆడవాళ్ళు కారు నడపడానికి అనుమతి మొదలైంది. అయిదేళ్ళు వెనక సీట్లో కూర్చున్న మనిషి విమానం దిగిన మూడు వారాలకు! అందుకు కోపం తీర్చుకుందేమో, పుట్టింటి దొడ్లో మూలపడి ఉన్న పాత స్కూటీకి కొత్త బ్యాటరీ వేయించి, పిల్లలిద్దరినీ ఎక్కించుకుని లాలాపేట అంతా రెండు చుట్లు తిరిగింది.

తరువాతి రెండేళ్ళ గురించి ఎక్కువ రాయడానికి లేదు. ఫోన్ తెర మీద కాపురం చేసిన కుటుంబాలు మన పాఠకుల్లో చాలా ఉన్నాయి. అది ఎలా ఉంటుందో వాళ్ళకు చెప్పనక్కరలేదు.

రెండు నెలలు అన్న అబద్ధం

2020లో కరోనా వచ్చి ఆయన పనిచేసే చోట సగం మందిని తీసివేశారు. ఆ సగంలో ఆయన ఉన్నారు. జులైలో ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని, వందే భారత్ విమానంలో సీటు సంపాదించి, క్వారంటైన్ ముగించుకుని ఇల్లు చేరారు. సౌదీ చట్టం ప్రకారం పని ముగించి వెళ్ళేవారికి మొదటి అయిదేళ్ళకు ఏడాదికి అర నెల జీతం, ఆ పై ఏళ్ళకు ఏడాదికి ఒక నెల జీతం ఇవ్వాలి. పదేళ్ళ సర్వీసుకు లెక్కవేస్తే ఏడున్నర నెలల జీతం వచ్చింది. ఈ మాట విని పక్కింటి మాస్టారు, "ఏడున్నర అంటే మా లెక్కలో ఏలినాటి శని అంటారు, భాయ్" అని నవ్వారు. మేమూ నవ్వాం. ఏడున్నరేళ్ళు కాదు గానీ, ఏడాదిన్నర పైగా పట్టింది.

వచ్చిన మొదటి జుమా నాడే మసీదు మెట్ల మీద ప్రశ్న మొదలైంది. "సెలవు ఎన్నాళ్ళు?" మాలో ఆయన నోటికి వచ్చినట్టు "రెండు నెలలు" అన్నారు. ఎందుకన్నారో ఆయనకే తెలియదు. 34 ఏళ్ళ మగవాడు "ఉద్యోగం పోయింది, ఇక వెళ్ళను" అని మెట్ల మీద నిలబడి చెప్పడానికి నోరు రాలేదు. రెండు నెలలు గడిచాయి. విమానాలు సరిగా నడవడం లేదు కనుక "ఇంకో రెండు నెలలు" అన్నారు. కరోనా వల్ల ఎంతోమందికి నష్టం జరిగింది. మా ఇంట్లో ఈ ఒక్క అబద్ధానికి మాత్రం అది అండగా నిలిచింది.

డిసెంబరులో ఒక రోజు బ్యాంకు పని మీద పాస్‌పోర్టు కావలసి వచ్చింది. బీరువాలో లేదు. పెట్టెలో లేదు. ఇద్దరం ఒకరినొకరు అనుమానించుకున్నాం. "మీరే ఎక్కడో పెట్టారు", "నువ్వే సర్దావు" అనే పాట సాయంత్రం దాకా సాగింది. రెండు రోజుల తరువాత అత్తగారు (మాలో ఒకరికి అమ్మ, మరొకరికి అత్తగారు, మనిషి ఒకరే) బియ్యం డ్రమ్ములో గ్లాసు ముంచితే గ్లాసుకు ఏదో గట్టిగా తగిలింది. చెయ్యి పెట్టి తీస్తే ప్లాస్టిక్ సంచిలో చుట్టిన పాస్‌పోర్టు.

ఆరేళ్ళ మా బాబు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఏడవడం లేదు. "అబ్బా రెండు నెలల్లో వెళ్ళిపోతాడని బయట అందరితో చెబుతున్నాడు. ఇది లేకపోతే విమానం ఎక్కనివ్వరని నువ్వే చెప్పావు కదా, అమ్మీ" అన్నాడు. పురుగు పట్టకుండా సంచిలో కూడా వాడే చుట్టాడట. వేపాకు వేయడం ఒక్కటే మరిచాడు.

మేము ముందు నవ్వాం. ఆ తరువాత మాలో ఆయన డాబా మీదికి వెళ్ళి చాలాసేపటికి గానీ కిందికి రాలేదు. వచ్చే శుక్రవారం మెట్ల మీద ఎవరో అడిగారు. "ఇక వెళ్ళను భాయ్. అక్కడ పని అయిపోయింది. ఇక్కడే చూసుకుంటున్నాను" అన్నారు. అడిగినాయన "మంచిది, మంచిది" అని చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడట. అయిదు నెలలు మోసిన బరువు అంత తేలికగా దిగిపోతుందని తెలిస్తే మొదటి రోజే చెప్పేవారు.

డ్యూటీ

అంతకు ముందే, అక్టోబరులో, మా అబ్బాజాన్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చేది. తపాలా శాఖలో ముప్ఫై ఏళ్ళు పైగా పనిచేసి, చేత్తో ముద్ర వేస్తే వీధి చివరికి వినపడేదని పేరున్న మనిషి. ఆయనను లేపడం, స్నానం చేయించడం, చేతిలో రబ్బరు బంతి పెట్టి పిసికించడం, వరండాలో ఇరవై చుట్లు నడిపించడం అన్నీ కొడుకే చేసేవాడు. పదేళ్ళు దూరదేశంలో ఉన్న కొడుక్కి తండ్రి గోళ్ళు కత్తిరించే పని దొరికింది.

ఇంకొక పక్క వంట. ఆవిడ పొద్దున పిల్లల ఆన్‌లైన్ క్లాసులతో కుస్తీ పడుతుంటే ఆయన పొయ్యి దగ్గరికి చేరారు. మొదటి దాల్చా అడుగంటింది. రెండోది మాడలేదు గానీ అందులో సొరకాయ ముక్కలు వెతికితే కనిపించలేదు, కరిగిపోయాయి. యూట్యూబ్ చూసి వండేవారిలో ఒక చిత్రం ఉంటుంది. మన ఇంటి మూకుడు ఎంతో వీడియోలోని మూకుడు అంతే అని నమ్ముతారు. నలుగురు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంట్లో పన్నెండు మందికి సరిపడా ఖట్టీ దాల్ మూడు రోజులు తిన్నాం. నాలుగో రోజు పక్కింటి మాస్టారికి పంపాం. ఆయన మంచివారు. గిన్నె కడిగి తిరిగి పంపించారు.

డాబా మీద బట్టలు ఆరేయడం దగ్గర మాత్రం ఆయన మొరాయించారు. నాలుగు వైపులా నాలుగు డాబాలు, నాలుగు డాబాల మీదా మనుషులు. అత్తగారు చూసి చూసి ఒక మాట అన్నారు. "హజ్రత్ ఆయిషాను ప్రవక్త ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివాళ్ళ పనిలో తోడుండేవారు, నమాజు వేళకు లేచి వెళ్ళేవారు అని చెప్పారట. ఆ ఘనతకు లేని సిగ్గు నీకెందుకురా?" ఆయన బకెట్టు తీసుకుని పైకి వెళ్ళారు. మొదట్లో పొద్దున్నే చీకటితో వెళ్ళేవారు. తరువాత తరువాత ఎదురు డాబా మీది ముసలాయనతో క్రికెట్ మాట్లాడుతూ గంటసేపు ఆరేసేవారు. బట్టలు ఆరేవి, కూర మాడేది.

ఒకనాడు దూరపు చుట్టం పరామర్శకు వచ్చాడు. అబ్బాజాన్ మంచం పక్కన కూర్చుని, "అబ్బాయి ఖాళీగానే ఉన్నాడా?" అని అడిగాడు. మేమిద్దరం గుమ్మం దగ్గర టీ కప్పులతో నిలబడి ఉన్నాం. అబ్బాజాన్ మాట కూడదీసుకోవడానికి సమయం పట్టింది. "ఖాళీ... లేదు. నా... దగ్గర... డ్యూటీ" అన్నారు. చుట్టం నవ్వాడు. అబ్బాజాన్ నవ్వలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో వంటకూ, పెంటకూ, పిల్లల చదువుకూ అన్నిటికీ పేరు డ్యూటీ. "ఈ రోజు గిన్నెల డ్యూటీ ఎవరిది?" అని ఇప్పటికీ అడుగుతాం. జవాబు ఎవరూ ఇవ్వరు, అది వేరే సంగతి.

అబ్బాజాన్ 2023లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆయన దగ్గర నెలల తరబడి డ్యూటీ చేసిన మనిషి ఇప్పుడు ఆ నెలలను తన ఉద్యోగ చరిత్రలో ఎక్కడ రాయాలో తెలియక బయోడేటాలో ఖాళీ వదిలేశారు. ఆ ఖాళీ చూసి అడిగినవారికి మాత్రం సంతోషంగా చెబుతారు.

చచ్చిన సర్టిఫికెట్టు బతికింది

ఏడున్నర నెలల జీతం ఎంత పొదుపుగా వాడినా ఏడున్నర నెలల జీతమే. 2021 వేసవికి అడుగు కనిపించింది. ఇక ఆవిడ బీరువా తెరిచింది.

టెట్ సర్టిఫికెట్టుకు ఏడేళ్ళే ఆయుష్షు అని 2011లోనే చెప్పారు. ఆ లెక్కన 2018లో, ఆవిడ గుంటూరులో దిగిన ఏడాదిలోనే, అది చచ్చిపోయింది. అయినా పారేయకుండా పెళ్ళి చీర మడతలో పెట్టింది. 2021 జూన్‌లో కేంద్ర విద్యాశాఖ టెట్ అర్హతను జీవితకాలానికి పొడిగించింది. 2011 నుంచి పాసైనవారికి కూడా వర్తింపజేసింది. ఆ వార్త పేపర్లో చూసి ఆవిడ చీర మడత విప్పింది. కాగితం పసుపుపచ్చగా మారింది. ఫోటోలో ఉన్న అమ్మాయిని చూసి మా పాప "ఈ ఆంటీ ఎవరు?" అని అడిగింది.

ఇంటర్వ్యూలో కరస్పాండెంటుగారు కాగితాలు తిప్పి తిప్పి చూసి, "ఎనిమిదేళ్ళు ఏం చేశారు, ఖాళీయేనా?" అన్నారు. ఆవిడ ఇంటి దగ్గర ఎన్నో జవాబులు సాధన చేసుకుని వెళ్ళింది. అన్నీ మరిచిపోయింది. "ఇద్దరు పిల్లలను పెంచానండీ. పెద్దవాడికి ఏడో ఎక్కం దాకా వచ్చు" అంది. ఆయన నవ్వి, కాగితం మీద "ఫ్రెషర్" అని రాశారు. జీతం కూడా ఆ మాటకు తగినట్టే 11 వేలు అన్నారు. బయటికి వచ్చి స్కూటీ మీద కూర్చుని ఆవిడ కాసేపు ఏడ్చింది. తరువాత దారిలో పావుకిలో జిలేబీ కొనుక్కుని ఇంటికి వచ్చింది. ఆ సంవత్సరం ఆగస్టు 16న బడులు తెరిచారు. ఆ రోజే చేరింది.

ఇక్కడ ఒక మాట. సెలవులు రెండు రకాలు. తిరిగి వచ్చే తేదీ రాసి ఇచ్చే సెలవు ఒకటి, తేదీ లేని సెలవు మరొకటి. 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తల్లులకు పిల్లల సంరక్షణ కోసం మొత్తం సర్వీసులో 730 రోజుల సెలవు 2008 నుంచే ఉంది. అటువంటి ఉద్యోగాలున్న ఆడపిల్లలు అదృష్టవంతులు, హక్కుగా వాడుకోవాలి. కానీ మన ఇళ్ళలో ఎక్కువమంది చేసేది చిన్న బడుల్లో, దుకాణాల్లో, ఇంటిదగ్గర కుట్టుమిషన్ మీద. వీళ్ళు మానేస్తే మానేసినట్టే. అందుకని మా చుట్టాల్లో ఏ అమ్మాయి ఉద్యోగం మానుతున్నా ఆవిడ ఒక్కటే చెబుతుంది. సర్వీసు సర్టిఫికెట్టు ఆ రోజే రాయించుకో, తరువాత హెడ్మాస్టరు రిటైరవుతాడు. సర్టిఫికెట్లు చీర మడతలో పెట్టకు, పసుపు మరక పడుతుంది.

అడగడం

ఆవిడ మొదటి జీతం తెచ్చిన రోజు ఇంట్లో పండగలాగే జరిగింది. రెండో నెలలో ఒక సంగతి బయటపడింది. మాలో ఆయన రోజూ మార్కెట్టుకు నడిచి వెళుతున్నారు. రానూ పోనూ ఆరు కిలోమీటర్లు. ఆరోగ్యం కోసం అన్నారు. నిజం అది కాదు. ఆటోకు డబ్బులు అడగాలి. ఫోన్ రీచార్జి అయిపోయి నాలుగు రోజులైనా చెప్పలేదు. భార్య సంపాదన భార్యదే, ఇల్లు గడపవలసిన భారం భర్తది అని మన ఇళ్ళలో చిన్నప్పటి నుంచీ వింటాం. ఆయనకు అది బాగా తెలుసు. అందుకే మరింత గుచ్చుకుంది.

ఆ రాత్రి మేము గొడవపడ్డాం. చిన్న గొంతుతోనే, పక్కగదిలో అబ్బాజాన్ ఉన్నారు కదా. "నన్ను అడగడానికి అంత నామోషీయా?" అని ఆవిడ అంది. ఆయన మాట్లాడలేదు. అప్పుడు ఆవిడకు తానే మరిచిపోయిన ఒక సంగతి గుర్తుకు వచ్చింది. దమ్మాంలో పాప జడక్లిప్పులకు పది రియాళ్ళు కావలసి వచ్చి, అడగలేక వారం రోజులు దారం కట్టింది. ఆయన ఇవ్వనని ఎన్నడూ అనలేదు. అడిగితే ఇరవై ఇచ్చేవారు. కానీ అడగాలి. పాతికేళ్ళ వయసులో నెల నెలా జీతం కవరు అందుకున్న చెయ్యి మళ్ళీ చాచడానికి ఎంత బరువెక్కుతుందో ఆయనకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది. "ఆ సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. "మీరు రీచార్జి సంగతి ఎందుకు చెప్పలేదు?" అని ఆవిడ అడిగింది.

మరుసటి నెల నుంచి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఇంట్లో ఉన్నవారికి నెల మొదటి తేదీన ఒక కవరు. అందులో ఎంత అనేది ఇద్దరం కలిసి నిర్ణయిస్తాం. ఖర్చు లెక్క అడగకూడదు. అప్పట్లో 1,000 రూపాయలు పెట్టేవాళ్ళం. ఎకౌంటెంటుకు లెక్క చెప్పనవసరం లేని డబ్బు చేతికి రావడం అదే మొదటిసారి. ఆ డబ్బుతో ఆయన మొట్టమొదట చేసిన పని, ఆవిడకు జడక్లిప్పులు కొనడం. పెద్దవి, మెరుపులున్నవి, స్కూలుకు పెట్టుకుపోవడానికి వీల్లేనివి. ఇప్పుడు అత్తగారికి కూడా ఒక కవరు ఉంది. ఆవిడ డబ్బు దాచి ఎక్కడ పెడతారో ఎవరికీ తెలియదు. బియ్యం డ్రమ్ములో మాత్రం లేదు, చూశాం.

అంకుల్

ఆయన తిరిగి పనిలో పడడం కూడా సులువుగా జరగలేదు. ఆయన దేశం విడిచినప్పుడు ఇక్కడ వ్యాట్ ఉండేది. 2017లో జీఎస్టీ వచ్చి వ్యాట్ పోయింది. సరిగ్గా ఆరు నెలలకు, 2018 జనవరిలో, సౌదీలో వ్యాట్ మొదలైంది. అంటే ఇక్కడ పోయింది అక్కడ నేర్చుకుని, అక్కడిది నేర్చుకున్నాక ఇక్కడికి వచ్చారు. గుంటూరులో ఏ షాపు యజమానిని పని అడిగినా "రిటర్నులు వేయడం వచ్చా?" అన్నారు.

బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో చేరారు. చుట్టూ ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. మొదటి రోజు ఆయన క్లాసులోకి అడుగుపెడితే అందరూ లేచి నిలబడ్డారు, సారు వచ్చారనుకుని. కాదని తెలిశాక "అంకుల్, ఇటు కూర్చోండి" అన్నారు. ముప్ఫై అయిదేళ్ళకు అంకుల్! ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆవిడకు అప్పటికే పై క్లాసు పిల్లలు కొత్త టీచరమ్మకు చెవి వెనక నాలుగు తెల్లవెంట్రుకలున్నాయని లెక్కపెట్టి చెప్పారు. లెక్కలు బాగా చెబుతోందనడానికి అదే రుజువు.

ముప్ఫైలలో మనిషి పరిస్థితి ఇంతే. పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు స్నేహితుల వరసలో కూర్చోబోతే పెద్దలవైపు దారి చూపిస్తారు. పెద్దలవైపు వెళితే "నువ్వింకా కుర్రాడివి, వడ్డించు" అంటారు. వడ్డిస్తే నడుం పట్టేస్తుంది.

2022 ఫిబ్రవరిలో, మిర్చి సీజను మొదలైన వేళ, ఒక కోల్డ్ స్టోరేజీలో ఆయనకు లెక్కలు రాసే పని దొరికింది. రైతులు తెచ్చిన టిక్కీలు ఎన్ని, ఏ అరలో ఉన్నాయి, అద్దె ఎంత అని రాయాలి. మొదటి వారమంతా తుమ్ములే. దమ్మాం జీతంలో మూడో వంతు కూడా రాదు. అయితే రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరవచ్చు. ఒంటి నిండా మిర్చి ఘాటుతో వచ్చిన తండ్రిని చూసి పాప గుమ్మంలోనే "ముందు స్నానం డ్యూటీ" అని ఆపేస్తుంది.

ఈ ఏడాది, వచ్చే ఏడాది

2018 తరువాత మన రాష్ట్రంలో టీచర్ల నియామకానికి పెద్ద డీఎస్సీ మళ్ళీ 2025లోనే వచ్చింది. 16,347 పోస్టులు. ఆవిడ రాసింది. పొద్దున నాలుగింటికి లేచి చదివేది, ఆయన టీ పెట్టి ఇచ్చేవారు, అత్తగారు దువా చేసేవారు, పిల్లలు చప్పుడు చేసేవారు. పరీక్ష రోజు పెన్సిలు చెక్కుకుని, రబ్బరు పెట్టుకుని వెళ్ళింది. తీరా అక్కడ అంతా కంప్యూటరు మీద. అయినా ఆ పెన్సిలు ఊరికే పోలేదు, జడకు గుచ్చుకుంది. డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంటుంది. అంటే 23 ఏళ్ళ అమ్మాయి 2011లో రాసిన మార్కులు 37 ఏళ్ళ తల్లికి కలిశాయి. ఆ అమ్మాయి బాగానే రాసింది. తల్లే కొంచెం వెనకబడింది. ఉద్యోగం రాలేదు.

ఫలితాలు వచ్చిన రోజు ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. రాత్రి అన్నాలయ్యాక ఆయన "వచ్చే సంవత్సరం పని మానేసి ఇంట్లో కూర్చుని చదువు. కవరు నేను ఇస్తాను" అన్నారు. ఆవిడ వద్దంది. పదో తరగతి పిల్లలు త్రికోణమితిలో సగంలో ఉన్నారట, వాళ్ళను వదిలి రాలేదట. ఈ విషయం మీద మా మధ్య ఇంకా ఒప్పందం కుదరలేదు. ఈ వ్యాసం రాస్తుండగా కూడా రెండుసార్లు వాదన జరిగింది, అందుకే పై పేరాలో కొట్టివేతలు ఎక్కువ.

ఆయన పాస్‌పోర్టు గడువు 2024లో ముగిసింది. ఈ మధ్య రెన్యువల్ చేయించారు. అత్తగారిని తీసుకుని అందరం ఒకసారి ఉమ్రాకు వెళ్ళాలని కవర్లలోంచి కొంచెం కొంచెం తీసి డబ్బా నింపుతున్నాం. కొత్త పాస్‌పోర్టు పోస్టులో వచ్చిన రోజు సంతకం చేసి తీసుకున్నది మా బాబే. ఇప్పుడు వాడికి పదకొండేళ్ళు, ఆరో తరగతి. కవరు చింపి, పేజీలన్నీ తిప్పి చూసి, "ఉమ్రాకు ఎన్నాళ్ళు?" అని అడిగాడు. పదిహేను రోజులు అని చెప్పాం. బీరువాలో వాడే పెట్టి తాళం వేశాడు. తాళం చెవి ఎక్కడ ఉందని మేము ఇంతవరకూ అడగలేదు.